వంతెన మీది పాటకత్తె

పారిస్, 1868 ఫిబ్రవరి 9

పెద్దమ్మా,

నీ చేతులు రెండూ ముద్దాడి రాస్తున్నాను. ఇక్కడ చలికి రంగు డబ్బాల్లో నీళ్లు గడ్డ కట్టుకుపోతున్నాయి. పొద్దున్నే వాటిని కుంపటి పక్కన పెట్టి కరిగించుకుంటే గానీ కుంచె ముంచడానికి లేదు. నువ్వు పంపిన ఉన్ని చొక్కా విడవకుండా వేసుకుంటున్నాను, బెంగ పెట్టుకోకు.

నీకో శుభవార్త. మా నాటకశాలకి గొబెర్ అనే ఆయన సంగీత నాటకాలు రాస్తాడు. స్పెయిన్ రాజుగారి ప్రతినిధి మన దేశాన్ని ఏలిన రోజుల మీద ఒకటి రాయాలని ఆయనకి ఎప్పటినుంచో కోరిక. మొన్న కాఫీ తాగుతూ మాటల్లో అమ్మమ్మ లొరెన్సా సంగతి చెప్పాను. రీమాక్ వంతెన మీద మొగుడు గిటార్ వాయిస్తుంటే ఆవిడ పాడటం, న్యాయాధికారి డాన్ బల్తసార్ ఆవిడ మీద కన్నేసి ఆ మొగుణ్ని దేశం దాటించడం. గొబెర్ కప్పు కింద పెట్టేశాడు. "ఈ కథ నాకిచ్చెయ్యి" అన్నాడు. తెరలన్నీ నన్నే వెయ్యమన్నారు. కాగితం మీద నా పేరు అచ్చు కావడం ఇదే మొదటిసారి పెద్దమ్మా.

ఆయన అడిగేవాటికి నా దగ్గర జవాబులు లేవు. నేను ఆ డాన్ బల్తసార్ మనవణ్ని. మా అమ్మ రొసౌరా ఆయన కూతురు. మా ఇంట్లో ఆ గిటార్ వాయించినాయన పేరు ఎవరూ పలికేవారు కాదు. నువ్వు సిప్రియానో కూతురివి. నువ్వు తప్ప చెప్పగలిగినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. బాధ కలిగిస్తే వద్దు. కలగకపోతే అన్నీ రాయి. వాళ్లు ఏం తినేవారు, అమ్మమ్మ ఏం కట్టుకునేది, ఆయన్ని ఎలా పట్టుకెళ్లారు?

నీ ఫెర్మీన్


లీమా, 1868 ఏప్రిల్ 4

ఒరేయ్ ఫెర్మీన్,

బతికే ఉన్నాను. ముందు ఆ మాట రాయాలి, ఎందుకంటే ఊరంతా పచ్చజ్వరం. ఎదురింటి మెల్చోరా వాళ్లలో ఇద్దరు పోయారు. శవాల బండ్ల చప్పుడు వింటే కిటికీ మూసేసుకుంటున్నాం. నా ఒంట్లో ఆ జ్వరానికి నచ్చేంత రక్తం లేనట్టుంది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. బాధ కలిగిస్తే వద్దంటావా! అరవై తొమ్మిదేళ్లుగా మా నాన్న గురించి నన్ను ఒక్కరూ ఒక్క ముక్క అడగలేదురా. నువ్వు అడిగావు. ఆ ముసలాడి మనవడివి నువ్వే అడిగావు.

రాసుకో. అమ్మ గోధుమరంగు పావడా కట్టుకునేది, నల్ల ముసుగు. మన ఊరి ఆడవాళ్లు అప్పట్లో ఒంటికన్ను మాత్రం కనబడేలా ముసుగు వేసుకునేవారు కదా. పాడేటప్పుడు మాత్రం మొత్తం తీసేసేది. దానికే జనం మూగేవారని మెల్చోరా వాళ్లమ్మ ఏడ్చుకునేది. పాట అయ్యాక వంతెన చివర నల్లమొక్కజొన్న జావ ముగ్గురం ఒకే గిన్నెలో తాగేవాళ్లం. నాకు నాలుగేళ్లు. నాన్న ఎడమచేతి చిటికెన వేలు సగమే ఉండేది. అందుకని ఆయన గిటార్ మీటుల్లో ఒకటి ఎప్పుడూ కాస్త ఆలస్యంగా పడేది. జనం అదేదో గొప్ప పనితనం అనుకునేవారు.

డాన్ బల్తసార్ పల్లకీ ఆపి రెండుసార్లు విన్నాడు. మూడోసారి అమ్మని తన ఇంటికి వచ్చి పాడమన్నాడు. నాన్న ఆయన మీద పాట కట్టాడు, పల్లకీ మోసేవాళ్ల నడుములు ఎలా విరుగుతున్నాయో అని. వంతెనంతా నవ్వింది. నాలుగో రోజున ఇద్దరు భటులు వచ్చారు. నాన్న నన్ను కిందికి దించి, "గిటార్ పట్టుకో కసిల్దా, ఇప్పుడే వస్తాను" అన్నాడు. రాజప్రతినిధినే అవమానించాడని దొంగ నేరం మోపి, ఓడెక్కించి ఏడేళ్లు వల్దీవియా కోట జైలుకి పంపారు. రెండేళ్లు గడిచాక అక్కడే చచ్చిపోయాడని కబురు వచ్చింది. ఆ తర్వాతే అమ్మ డాన్ బల్తసార్ ఇచ్చిన ఇంట్లో అడుగుపెట్టింది. అమ్మ మీద తప్పుగా రాయనివ్వకు. ఆకలి ఎలా ఉంటుందో మీ గొబెర్‌కి తెలుసో లేదో.

ఆయన మళ్లీ రాలేదు. అంతే కథ.

ఇన్నేళ్లకి మా నాన్నకి జరిగిన అన్యాయం పెద్ద ఊళ్లో, పెద్దమనుషుల ముందు చెప్తారన్నమాట. దేవుడు నిన్ను చల్లగా చూడాలి. ఫాదర్‌కి చెప్పాను, నీ పేరున పూజ చేయిస్తానన్నారు.

పెద్దమ్మ కసిల్దా


పారిస్, 1868 మే 27

పెద్దమ్మా,

నువ్వు క్షేమంగా ఉన్నావని చదివాకే కుదురుగా కూర్చోగలిగాను. జ్వరం తగ్గేదాకా చర్చికి కూడా వెళ్లొద్దు.

నువ్వు రాసినదంతా గొబెర్‌కి చదివి చెప్పాను. పల్లకీ పాట దగ్గర బల్ల చరిచాడు. వేలు సంగతి కూడా రాసుకున్నాడు. పాట కట్టేవాడు ఇప్పటికే మూడు వరసలు తయారు చేశాడు. వినగానే కాళ్లు ఆడతాయి. ముగింపు ఇంకా తేలలేదు. ఇక్కడి నాటకశాలకి ఒక పద్ధతి ఉంది, దాన్ని బట్టి కొన్ని మార్పులు చేస్తారు. నువ్వు అవన్నీ పట్టించుకోకు. మన ఇంటి ముందు భాగం నా జ్ఞాపకం ప్రకారమే గీశాను. పచ్చరంగు తలుపు, పైన చెక్క కిటికీ.

ఫెర్మీన్


లీమా, 1868 జూలై 20

నాయనా ఫెర్మీన్,

జ్వరం వెళ్లిపోయింది. నేను మిగిలాను, మెల్చోరా మిగిలింది. ఇద్దరం కలిసి వరండాలో కూర్చుని మిగతావాళ్లని తలుచుకుంటున్నాం.

కాళ్లు ఆడటం ఏమిటిరా? దుఃఖం పాటకి కాళ్లు ఆడతాయా? నీకు రాయడం రాక అలా రాశావని మెల్చోరా అంది. అదే అయ్యుంటుంది. చిన్నప్పుడు నీకు మొట్టికాయలు తక్కువ పడ్డాయి.

మార్పులు చేస్తామన్నారని రాశావు. వాళ్లు ఏం మార్చినా ఒక్కటి మాత్రం మార్చనివ్వకు. ఆయన కోటలో పోయాడు, తిరిగి రాలేదు. దాన్ని అలాగే ఉంచమను. పెద్దమ్మ మరీమరీ చెప్పిందను.

కసిల్దా


పారిస్, 1868 నవంబర్ 22

పెద్దమ్మా,

మొన్న గురువారం మొదటి ప్రదర్శన అయింది. పేరు "వంతెన మీది పాటకత్తె". ఒక్క కుర్చీ ఖాళీ లేదు. తెర లేవగానే నేను వేసిన వంతెన, వెనక కొండలు చూసి జనం చప్పట్లు కొట్టారు. నేను పక్కతెర వెనక నిలబడి ఉన్నాను. పాత్రలు ఇంకా నోరు విప్పకముందే, ఒట్టి వంతెనకే చప్పట్లు! మన రీమాక్ వంతెనకి.

నువ్వు తప్పకుండా అడుగుతావు, జనానికి ఎలా అనిపించిందని. చివరికి వచ్చేసరికి కళ్లు తుడుచుకోని మనిషి లేడు పెద్దమ్మా. నా పక్కనున్న దీపాలవాడు కూడా రుమాలు తీశాడు. ఇంతకన్నా ఏం రాయను?

పత్రికలో నా పేరు వేశారు, ఒక అక్షరం తప్పుతో. కత్తిరించి దీంతో పాటు పంపుతున్నాను.

నీ ఫెర్మీన్


లీమా, 1869 జనవరి 15

నా బంగారం ఫెర్మీన్,

ఆ పత్రిక ముక్కని ఫాదర్‌కి, మందులకొట్టాయనకి, మెల్చోరా కోడళ్లకి, అందరికీ చూపించాను. కళ్లు తుడుచుకోని మనిషి లేడన్న మాట చదివినప్పుడు మెల్చోరా నాకు మంచినీళ్లు తెచ్చిపెట్టింది. ముక్కూ మొహం తెలియని అంతమంది మా నాన్న కోసం ఏడ్చారు. అమ్మ ఏడవగా నేను చూడలేదు. నేనూ ఏడవలేదు. మా తరఫున వాళ్లు ఏడ్చినట్టయింది.

డాన్ బల్తసార్ పటం ఇన్నాళ్లూ ముందుగదిలో ఉండేది, మీ అమ్మ కోసం ఉంచాను. నిన్న తీసి పెట్టె వెనక పెట్టాను. నీకు కోపం రాదుగా?

కసిల్దా


లీమా, 1869 ఆగస్టు 3

ఫెర్మీన్,

చాలా రోజులైంది నీ ఉత్తరం వచ్చి. పని ఎక్కువేమో. నాకు మాత్రం నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి ఒకటి వచ్చిపడింది. ఫ్రెంచి నాటక బృందం ఓడ దిగింది. వచ్చే నెల ఇక్కడ ఆడే నాటకాల జాబితా గోడల మీద అతికించారు. రెండోది మనదే! మెల్చోరా నేనూ ఆదివారం మధ్యాహ్నం ఆటకి సీట్లు చెప్పుకున్నాం. నేను మేడమీద కూర్చోను, కిందే, ముందు వరసలో. ఫాదర్ కూడా వస్తానన్నారు.

నల్ల పట్టు గౌను బయటికి తీశాను, మీ అమ్మ పోయినప్పటి నుంచీ వేసుకోలేదు. నాన్నని చూడటానికి వెళ్తున్నట్టుంది.

పెద్దమ్మ


పారిస్, 1869 సెప్టెంబర్ 16

పెద్దమ్మా,

ఆట ఎలాగైనా వాయిదా పడి, ఈ ఉత్తరం ఆ ఆదివారానికి ముందే చేరాలని దేవుణ్ని వేడుకుంటున్నాను. వెళ్లొద్దు. దయచేసి వెళ్లొద్దు. ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంట్లో ఉండిపో.

అది నువ్వు అనుకుంటున్న నాటకం కాదు. హాస్య నాటకం. మొదటి నుంచీ అదే. కళ్లు తుడుచుకున్నారని రాశాను, నవ్వి నవ్వి నీళ్లు వచ్చి తుడుచుకున్నారు. అబద్ధం రాయలేదని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. నువ్వు అంత సంతోషంగా రాస్తుంటే నిజం చెప్పడానికి నోరు రాలేదు. రోజులు గడిచేకొద్దీ ఇంకా రాలేదు. అందుకే ఉత్తరాలు మానేశాను.

నన్ను ఏమైనా అను. వెళ్లకు మాత్రం.

ఫెర్మీన్


లీమా, 1869 సెప్టెంబర్ 28

ఫెర్మీన్,

వెళ్లొచ్చాను.

ఫ్రెంచి నాకు ఒక్క ముక్క రాదు. రావలసిన అవసరమూ కలగలేదు. బొజ్జకి దిండు కట్టుకున్నవాడు డాన్ బల్తసార్. మా అమ్మ మోకాళ్ల దాకా పావడా ఎత్తి గంతులు వేసింది. మా నాన్న తెగిన వేలు చూపించినప్పుడల్లా జనం విరగబడి నవ్వారు. ఫాదర్ నా వంక చూసి, నవ్వు ఆపుకోలేక రుమాలు నోట్లో కుక్కుకున్నారు. మెల్చోరా నా చెయ్యి పట్టుకుంది. అది కూడా ఓర్చుకున్నాను. మా వాడు బతుకుతెరువు కోసం చేశాడు, పోనీలే అనుకున్నాను.

ఆఖర్లో ఆ తలుపు వచ్చింది. మన ఇంటి పచ్చ తలుపు. చింపిరి బట్టలతో ఆయన వచ్చి కొట్టాడు. పదేళ్ల పిల్ల తీసింది. ఆయన ఏదో అడిగాడు. ఆ పిల్ల అడ్డంగా తల ఊపి, తలుపు మొహం మీదే వేసేసింది. ఊరంతా పగలబడి నవ్వింది. ఆ తర్వాత అమ్మ పరుగెత్తుకొచ్చి తలుపు తీయడం, డాన్సులు, అవన్నీ నేను చూడలేదు. మెల్చోరా చెప్పింది.

నీకు ఎవరు చెప్పారు?

మీ అమ్మ చెప్పిందా? అప్పుడు రొసౌరా మూడేళ్ల పిల్ల, నా వెనకే నేల మీద కూర్చుని రొట్టెముక్క నములుతూ ఉంది. దానికి గుర్తుంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. చనిపోయే ముందు నీ చెవిలో వేసిందా? పోనీ వేసిందే అనుకో, దాన్ని పెట్టి ఊరిచేత నవ్వించడానికి నేను నీకు చేసిన అపకారం ఏమిటి? మీ తాతని ముసలాడు అన్నాననా?

నీకు తెలుసు గనక ఇక దాచడం దేనికి. 1806, మే నెల, మధ్యాహ్నం. అమ్మ పడుకుని ఉంది. నాకు పదకొండేళ్లు. తలుపు తీస్తే గడ్డం పెరిగిన మనిషి, ఒక కాలు ఈడుస్తూ. ఎడమచెయ్యి తలుపు చెక్క మీద ఆనించి నిలబడ్డాడు. చిటికెన వేలు సగమే ఉంది. చూసిన క్షణమే తెలిసిపోయింది.

"ఇది లొరెన్సా ఇల్లేనా అమ్మా?" అని అడిగాడు.

లోపల పొయ్యి మీద చాక్లెట్ కాగుతోంది. నాకు వేరే మంచం ఉంది, దుప్పటి ఉంది. ఈయన లోపలికి వస్తే సాయంత్రానికల్లా మేం నలుగురం మళ్లీ వంతెన మీద ఉంటాం. ఇవన్నీ అంత చిన్నదాన్ని ఎలా ఆలోచించానో, ఆలోచించాను.

"ఆ పేరు గలవాళ్లు ఇక్కడ ఎవరూ లేరండీ" అన్నాను.

ఆయన నా వంక కాసేపు చూశాడు. "అలాగా. పొరపాటు పడ్డానమ్మా" అని వెళ్లిపోయాడు. కాలు ఈడ్చిన చప్పుడు వీధి మలుపు దాకా వినిపించింది. అమ్మకి చెప్పలేదు. అమ్మ పోయేదాకా చెప్పలేదు.

ఇక నాకు రాయకు.

కసిల్దా


పారిస్, 1869 నవంబర్ 14

పెద్దమ్మా,

రాయొద్దన్నావు. ఈ ఒక్కటీ చదివి చింపెయ్యి.

నాకెవరూ చెప్పలేదు. మా అమ్మ పోయేముందు అడిగింది మంచినీళ్లు, ఫాదర్‌ని, అంతే. నేను పక్కనే ఉన్నాను. నీ తలుపు సంగతి నీ ఉత్తరం చదివేదాకా నాకు తెలియనే తెలియదు.

ఆ పిల్ల నాటకంలోకి ఎలా వచ్చిందో చెప్తాను విను. పాటకత్తె వేషం వేసే ఆవిడకి పదేళ్ల కూతురు ఉంది. దానికీ ఒక వేషం కావాలని ఆవిడ పట్టుబట్టింది. ఎక్కడ ఇరికించాలో తెలియక గొబెర్ దానిచేత తలుపు తీయించాడు. ఉల్లిపాయలు అమ్మేవాడనుకుని, "మాకేం వద్దు, ఇక్కడెవరూ లేరు" అంటుంది. అంతే పెద్దమ్మా. ఒక తల్లి ముచ్చట తీర్చడానికి రాసిన రెండు మాటలు. వాటిని నీ మీదికి ఎవరూ విసరలేదు.

కానీ ఆ తలుపు వేసింది నేనే. దానికి పచ్చరంగు పూసింది నేనే. నువ్వు నమ్మి రాసినవి పట్టుకెళ్లి కాఫీ బల్ల మీద పరిచింది నేనే. మా తాత మీ నాన్నని ఓడెక్కించాడు, నేను స్టేజీ ఎక్కించాను.

నీకు పదకొండేళ్లే పెద్దమ్మా. పదకొండేళ్ల పిల్ల మీద ఎవరైనా తప్పు మోపుతారా?

ఇక్కడ పని మానేశాను. ఏప్రిల్ ఓడకి వస్తున్నాను. నువ్వు తలుపు తీయకపోతే బయట కూర్చుంటాను.

ఫెర్మీన్


లీమా, 1870 జనవరి 16

ఫెర్మీన్,

చింపలేదు. నీ మాట నమ్ముతున్నాను. నిన్ను అనరాని మాటలన్నాను, ఇద్దరి లెక్కా సరిపోయింది అనుకుందాం.

నీ ఉత్తరం రాకముందే నేనొక పని చేశాను. ఆ ఆటకి వెళ్లొచ్చాక నిద్ర లేదు, తిండి లేదు. ఇన్నేళ్లూ నేను అడగడానికి భయపడింది ఒకటి అడగాలనిపించింది. అక్కడి నుంచి ఆయన ఎటు వెళ్లాడు? మెల్చోరాని తోడు తీసుకుని చర్చి ఆఫీసుకి వెళ్లాను. ఖననాల పుస్తకాలు తీయించాను. గుమస్తా రెండు రోజులు వెతికాడు. దొరికాడు. 1813 ఆగస్టు. సిప్రియానో, గిటార్ తీగలు చేసేవాడు, ఒంటరి. పేదల గుంటలో పూడ్చారు, కాబట్టి చోటు అంటూ లేదు. కానీ కాపురం ఉన్న సందు పేరు రాసి ఉంది. మన ఇంటికి రెండు వీధులు అవతల.

ఏడేళ్లురా. ఏడేళ్లు ఆయన రెండు వీధుల అవతలే ఉన్నాడు.

ఆ సందుకి వెళ్లాం. అప్పటివాళ్లలో కొవ్వొత్తులు పోసే తదేయా అనే ముసలావిడ ఒక్కతే మిగిలింది. ఆయన పోయినప్పుడు ఆవిడకి పదేళ్లు. "కుంటి సిప్రియానో కదా, మా గోడ పక్క గదే. తీగల కోసం గొర్రె పేగులు ఎండబెడితే సందంతా వాసన, మా అమ్మ రోజూ పోట్లాడేది" అంది.

ఆయన కోసం ఎవరైనా వచ్చేవారా అని అడిగాను.

"ఎందుకు రాదు? శుక్రవారం శుక్రవారం ఒకావిడ వచ్చేది, ముసుగులో. ఒంటికన్నే కనిపించేది. బుట్టలో అన్నం తెచ్చేది. ఆయన తింటుంటే ముక్కాలి పీట మీద కూర్చునేది. ముసుగు తీసేది కాదు. ఆయన మాత్రం లొరెన్సా, లొరెన్సా అని పిలిచేవాడు. మేం పిల్లలం కిటికీలోంచి చూసి వెక్కిరించేవాళ్లం" అంది.

అమ్మ. శుక్రవారాలు అమ్మ పాపం చెప్పుకోవడానికి చర్చికి వెళ్తున్నానని చెప్పేది. అమ్మకి తెలుసు ఫెర్మీన్. నేను చెప్పలేదు, అమ్మా చెప్పలేదు. ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేస్తూ, ఒకరి జుట్టు ఒకరం దువ్వుకుంటూ, ఒకే మనిషిని ఒకరి నుంచి ఒకరం దాచుకున్నాం. తలుపు దగ్గర జరిగింది ఆయన అమ్మకి చెప్పాడా? చెప్పి ఉంటే అమ్మ నన్ను ఎప్పుడూ ఒక్క మాట ఎందుకు అనలేదు? ఇక చెప్పేవాళ్లు లేరు.

ఇక చాలు, ఇంటికి పోదాం అంది మెల్చోరా. నేనే ఇంకాసేపు ఉందామన్నాను. తదేయా తన ధోరణిలో తను చెప్పుకుపోతూనే ఉంది. ఆదివారం ఆయన గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, పూజ వదిలే వేళకి చర్చి ఎదురుగా గోడ పక్కన నిలబడేవాడట. లోపలికి వెళ్లేవాడు కాదట. ఒకసారి ఈవిడ పక్కనే ఉంటే భుజం తట్టి ఒక అమ్మాయిని చూపించాడట.

"అదిగో, అది నా కూతురు. చూశావా తదేయా, కాళ్లకి జోళ్లున్నాయి" అన్నాడట.

ఏప్రిల్‌లో రా. తలుపు తీస్తాను. కానీ పదకొండేళ్ల పిల్ల మీద తప్పు ఎవరు మోపుతారని మళ్లీ నాతో అనొద్దు. ఎవరూ మోపలేదు, ఆయనతో సహా. ఏడేళ్లు ప్రతి ఆదివారం నేను ఆయన ముందు నుంచే నడిచి వెళ్లానురా. ఒక్కసారైనా అటు తల తిప్పి చూడలేదు.

సిప్రియానో కూతురు
కసిల్దా